క్షమించే క్రియ

"లేవండి మాస్టారూ. ‘పెర్దొనార్’ అంటే క్షమించడం. ‘వీలైతే క్షమించేవాణ్ణి’ అనే షరతు రూపం, నేను, నువ్వు మొదలుకొని వరసగా అప్పజెప్పండి."

సాయంకాలపు స్పానిష్ తరగతిలో చివరి బల్ల దగ్గరి వృద్ధుడు మెల్లగా లేచాడు. ఆయన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు. ఎక్కం తప్పినందుకు ఈ ఉపాధ్యాయుణ్ణి చిన్నతనంలో బడంతా చూస్తుండగా గోడవైపు తిప్పి నిలబెట్టినది ఆయనే. ఆయనకది గుర్తు లేదు. ఉపాధ్యాయుడికి మాత్రం ఆ గోడ సున్నం వాసన కూడా గుర్తుంది.

"పెర్దొనరీయ... పెర్దొనరీయాస్..." ఆయన ఆగిపోయాడు. "నోటిదాకా వచ్చింది బాబూ, బయటికి రావడం లేదు."

"క్రియను కదపకుండా చివర ఈయ, ఈయాస్ తగిలించడమేగా. బుర్రలో మట్టి ఉన్నవాడికి తప్ప అందరికీ వస్తుంది."

ఆనాడు ఆయన అన్న మాటే అది. తరగతి నవ్వింది.

ఉపాధ్యాయుడు ముందు వరుసకేసి తిరిగి గొంతు మార్చాడు. వృద్ధుడు చేరిన రోజే తరగతిలో చేరిన కళ్ళద్దాల యువతి అక్కడ కూర్చుని ఉంది. ప్రధాన కార్యాలయం విద్యార్థినిలా పంపిన తనిఖీ అధికారి ఆమేననీ, అతని ఉద్యోగం ఖాయం కావడం ఆమె మాట మీదే ఉందనీ గుమాస్తా రహస్యంగా చెవిన వేశాడు. ఇటు పగా తీరుతుంది, అటు క్రమశిక్షణా కనబడుతుందని అతని లెక్క.

"ఫ్యాను గాలి తగులుతోందా అమ్మా?"

"తగులుతోందండీ. పాపం, పెద్దాయన్ని కూర్చోమనండి."

"మీకు తెలియదమ్మా. ఇలాంటివాళ్ళను ఉపేక్షిస్తే నెత్తికెక్కుతారు." వృద్ధుడివైపు చేయి చూపాడు. "గోడవైపు తిరగండి. వచ్చేదాకా అంతే."

"మోకాళ్ళు నొప్పి బాబూ."

"మాకూ నొప్పిగానే ఉండేదండీ, అప్పట్లో."

వృద్ధుడు తలెత్తి అతని ముఖంలోకి తేరిపార చూశాడు. గుర్తుపట్టాడు. గోడవైపు తిరిగాడు.

ఉపాధ్యాయుడి కడుపు చల్లబడింది. గంట మోగేవరకూ ఆ వంగిన వీపును చూస్తూనే పాఠం చెప్పాడు. చివరికి చేతులు దులుపుకుని, "అమ్మా, మీరొక ఉదాహరణ చెబితే ముగిద్దాం. ఏ క్రియైనా సరే," అన్నాడు.

యువతి పుస్తకాలు సంచిలో సర్దుకుని లేచింది.

"రెకొమెందరీయ. సిఫార్సు చేసేదాన్నే," అంది నెమ్మదిగా. తర్వాత గోడ దగ్గరికి నడిచి వృద్ధుడి చేయి పట్టుకుంది.

"రండి నాన్నా, ఇంటికి వెళదాం."