తవ్వినవాళ్ళే పూడ్చాలి

"తవ్వినవాళ్ళే పూడ్చాలి మేడమ్, రూలు అదే," అంటూ హైవే ఇంజనీరు హెడ్మిస్ట్రెస్ ఇచ్చిన అర్జీని వేలితో వెనక్కి నెట్టాడు.

బడి గేటు ముందు రోడ్డుకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, జానెడు వెడల్పున గాడి పడి నెల దాటింది. రోడ్డు కేంద్రానిది. దాని కింది మంచినీళ్ళ గొట్టం రాష్ట్రానిది. పక్కనున్న మురుగుకాలువ మున్సిపాలిటీది. గాడి మాత్రం దిక్కులేనిది.

గతేడాది అదే గేటు ముందు లారీ తగిలి రెండో తరగతి పిల్ల కాలు విరిగింది. స్పీడ్ బ్రేకర్ వేయమని హెడ్మిస్ట్రెస్ ఈ మూడు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. పక్కవాళ్ళ అధికారంలో వేలు పెట్టలేమని ముగ్గురూ చేతులెత్తేశారు. అప్పట్నుంచీ రోడ్డు మాటెత్తితే ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడూ అదే వరస. ఇంజనీరు నీళ్ళ శాఖ మీదికి తోశాడు. నీళ్ళ శాఖ అధికారి తమ గొట్టం మీద గీత కూడా పడలేదని, కాలువ వాళ్ళను అడగమని అన్నాడు. కేంద్రం రోడ్డు మీద పార వేసే ధైర్యం తమకెక్కడిదని మున్సిపల్ కమిషనరు నవ్వేశాడు. ఆవిడ ఒకరి మాట ఇంకొకరికి పొల్లుపోకుండా అప్పజెప్పింది. ముగ్గురికీ రోషం పొడుచుకొచ్చి, చివరికి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

"తలా ఓ తట్ట కంకర వేస్తే పోలా?" అని కమిషనరు మెత్తబడ్డాడు.

విరిగిన బెంచీనైనా విరిచిందెవరో తేలకుండా బాగుచేయించని మనిషి హెడ్మిస్ట్రెస్. ఇరవయ్యేళ్ళ బడి అలవాటు ఊరుకోనిస్తుందా?

"పూడిస్తే, తవ్వింది మీరేనని ఒప్పుకున్నట్టవుతుందేమో చూసుకోండి సార్," అంది మర్యాదగా.

కమిషనరు గతుక్కుమన్నాడు. తవ్విందెవరో తేలేదాకా గాడిని ఎవరూ ముట్టుకోరాదని తీర్మానం రాసుకుని ముగ్గురూ సంతకాలు చేశారు.

"నోటిదాకా వచ్చింది చెడగొట్టుకున్నారు మేడమ్," అని గుమ్మం దగ్గర ప్యూను జాలిపడ్డాడు. "ఇక ఈ జన్మలో పూడదు."

సాయంత్రం బడి వదిలారు. లారీలు గాడి దగ్గర ఆగి, మెల్లగా దిగి ఎక్కుతుంటే పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ రోడ్డు దాటారు. ఆఖరి పిల్ల కూడా అవతలికి చేరాక హెడ్మిస్ట్రెస్ మనసు కుదుటపడింది.

గాడి తవ్వించింది ఆవిడే.