దసలి పురుగులకు చీకటి

ఆకాశంలో ఎండను భూమ్మీదికి మళ్లించే అద్దాలు నిలిపినప్పటి నుంచి రాత్రంతా వెలుగే. దసలి పట్టుపురుగులకేమో పొద్దు కురచైతేనే చలికాలం వస్తోందని తెలుస్తుంది. అప్పుడే గూడు కట్టుకున్నాక వానల దాకా లోపలే నిద్రపోతాయి. లేకపోతే ఆకు దొరకని రోజుల్లో రెక్కలతో బయటికొచ్చి సంతతే లేకుండా పోతాయి. అందుకే సుగుణ రోజూ సాయంత్రం అవి మేసే పొట్టి మద్దిచెట్ల మీద నల్లపట్టా కప్పేది.

ఇంతలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పురుడున్న ఇంటివాళ్లు పురుగుల దగ్గరికి పోకూడదని ఆచారం. వచ్చే ఏటికి విత్తనంగా ఉంచే గూళ్లు పోయినట్టేనని ఏడ్చింది.

కంచె తగాదాతో మాటలు మానేసిన పక్కింటి తారుబాయి వాకిట్లోంచే అరిచింది.

"ఏడుపాపు! కోపం నీమీద గని, పురుగులేం జేసినయే? నేన్ కప్పుత తీ."

పుష్యమాసంలో సుగుణ గూళ్లు చూసింది. ఒక్కటీ పగల్లేదు. ఒకటి చెవి దగ్గర ఊపితే లోపల పురుగు బరువుగా కదిలింది. వెంటనే వెళ్లి పిల్లను తారుబాయి ఒళ్లో పెట్టింది.

"ఎత్తుకో అక్కా. ఇంతవరకు నువ్వు ఎత్తుకోనేలేదు."

"అచ్చం నీ లెక్కనే ఉన్నది, మూతి ముడుసుకొని," అంటూనే తారుబాయి, పిల్ల కళ్లకు వెలుగు తగలకుండా కొంగు అడ్డం పెట్టింది.