ఎదురుకాళ్ల వైద్యం

"ఆగు! కాలు దించు!"

వీధిలోంచే కేకేశాడు గణపతిరావు మేస్టారు. అప్పలసూరి కుడికాలు గాల్లోనే ఆగిపోయింది. వాడి ముందు అరుగు పట్టుకుని వంగి నిలబడ్డ గున్నమ్మ, పడాల్సిన తన్ను పడకపోయేసరికి వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ తరవాత ఇంకో పదిమంది వరసగా నడుములు పట్టుకుని నిలబడి ఉన్నారు.

మేస్టారికి తల తిరిగిపోయింది. వీడి మోకాలి వాపు ఎందుకు తగ్గదో తెలియక నెలరోజులుగా ఆయన జుట్టు పీక్కుంటున్నాడు. గుంజీలు మాన్పించాడు. బరువులు సగానికి తగ్గించాడు. వ్యాయామశాల నేలమీద సుద్దతో పాదాలు గీసి, "ఇక్కడ నిలబడు, మోకాళ్లు వంచు, నడుం వంచకు" అని గొంతు పోయేలా అరిచాడు. రేపే విశాఖపట్నంలో రైల్వేవాళ్ల బరువులెత్తే జట్టుకి ఎంపిక. నెగ్గితే సూరికి ఉద్యోగం. ఈ పూటే పదింటికి బస్సు. వీడు చూస్తే ఇక్కడ ఊరందరినీ తంతున్నాడు!

"ఏటిరా ఇది?"

"ఎదురుకాళ్లతో పుట్టినోడు గదా బాబూ," సూరి తల్లి దాలమ్మ అడ్డొచ్చింది. "ఈడు తంతే పట్టీసిన నడుం ఇట్టే వొదిలెస్తాది. కట్టపడి వొచ్చినోల్లని పొమ్మంటే పాపం కాదేటి?"

"రోజుకెంతమందినిరా?"

"పది, పదేను..." సూరి నసిగాడు. "ఉభాల రోజులు గదండి. మళ్లల్లో వొంగి వొంగి ఊడుస్తన్నారు, అందరికీ నడుములే."

"నీ బుర్రలో మట్టుందా? ఝాడించిన కాలు మనిషి నడుం దగ్గర ఠక్కున ఆగితే, ఆ దెబ్బంతా మోకాలే తింటాది. నీ కాలు తీసింది బరువులు కాదురా, ఈ తన్నులు!"

"మెత్తగానే తంతన్నాను మేస్టారూ."

"మెత్తగా తంతే వొదల్దు బాబూ," అంది గున్నమ్మ, ఇంకా వంగే ఉండి.

మేస్టారికి ఒళ్లు మండిపోయింది. పొండి పొండంటూ అందరినీ తరిమాడు. వాళ్లు గొణుక్కుంటూ నాలుగడుగులు వెనక్కి వేసి అక్కడే నిలబడ్డారు. తన్నించుకున్నవాళ్లు తెచ్చిచ్చిన చోళ్లు, అదే రాగులు, అరుగు కింద బస్తాడు ఉన్నాయి. అది చూసేసరికి ఆయన కోపం నషాళానికి అంటింది.

"ముందు దీన్ని వీధిలో పడేస్తాను. ఎవరివి వాళ్లు ఎత్తుకుపొండి!"

"ఉండండి, నాను తీస్తాను," అన్నాడు సూరి.

"నువ్వు కదిలేవంటే చంపేస్తాను!"

మేస్టారు మోకాళ్లు వంచకుండా నడుమొక్కటే వంచి, బస్తా చెవులు రెండూ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

కలుక్కుమంది.

బస్తా కదల్లేదు. మేస్టారూ కదల్లేదు. లేవబోతే ప్రాణం పోతోంది, కూచోబోతే ప్రాణం పోతోంది.

"టైమెంతైందిరా?" అన్నాడు అలా వంగే.

"తొమ్మిది దాటిపోనాదండి. మీరు రాపోతే నాను ఎల్లను మేస్టారూ. నాకు బయం."

దాలమ్మ, గున్నమ్మ, ఆ పదిమందీ ఆయన్నే చూస్తున్నారు. అదే ఆయనకి మరీ కడుపుమంటగా ఉంది. పళ్లు కొరుక్కుంటూ రెండు చేతులతో అరుగు పట్టుకున్నాడు.

"కుడికాలు ఎత్తేవంటే చంపేస్తాను," అన్నాడు. "ఎడంకాలితో తన్ను."