గోధుమ నలుసు

మొదటి వాయి చేత్తో పట్టుకోగానే ఇసకలా రాలిపోయింది. రెండో వాయి రాయిలా తయారైంది. ఆమె రెంటినీ చెత్తబుట్టలో పోసి, మళ్ళీ బియ్యప్పిండి జల్లించడం మొదలుపెట్టింది.

అవి చనిపోయిన అత్తగారు చేసే బిస్కెట్లు. వెన్న, చక్కెర, నారింజ తొక్క తురుము, గోధుమపిండి. ఇప్పుడా గోధుమపిండి లేకుండా అదే రుచి రావాలి. మరిదికి గోధుమ పడదు. కాస్త లోపలికి వెళ్ళినా పేగులు పుండైపోతాయట. ఆస్పత్రి తిండి నోటికి సయించక, మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు.

"వాడికా ఇవన్నీ?" వంటింటి గుమ్మంలో నిలబడి అక్క అడిగింది. "వాడు నీకు చేసింది అప్పుడే మర్చిపోయావుటే?"

"మర్చిపోలేదు కనకే చేస్తున్నా."

ఆ గొంతు విని అక్క దగ్గరికొచ్చింది. గిన్నెలోకి తొంగి చూసింది. "నిజం చెప్పు. ఇందులో ఏం కలిపావు?"

"బాదంపొడి. జిగురుకి నానబెట్టిన అవిసెపొడి."

"అంతేనా?"

"అంతే." ఎవరి పీకో దొరికినట్టు ముద్దని పిడికిలితో నొక్కింది. "అంత తేలిగ్గా పోనిస్తానా వాణ్ణి?"

అక్క జల్లెడ కడగడానికి తీసుకుంది. చెయ్యి మాత్రం ఆ గిన్నెలో పెట్టలేదు.

మూడో వాయి కుదిరింది. అంచులు ఎర్రగా, నడుమ మెత్తగా. అచ్చం అత్తగారి చెయ్యే.

ఆస్పత్రి గది బయట స్టూలు మీద కూర్చున్న మనిషి డబ్బా మూత తీసి, వాసన చూసి, లోపలికి పొమ్మన్నాడు.

మరిది ఆమెను చూడగానే గోడ వైపు జరిగాడు. వాసన తగిలాక మళ్ళీ ఇటు తిరిగాడు. చెయ్యి చాచి, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు.

"ముందు మీరు తినండి వదినా."

ఆమె నవ్వింది. ఒకటి తీసి అతని కళ్ళెదుటే నమిలి మింగింది.

అతను ఒకటి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. "చిన్నప్పుడు వీటికోసం అన్నయ్యా నేనూ కొట్టుకునేవాళ్ళం."

ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. "తిను. రేపు మళ్ళీ తెస్తా."

తెచ్చింది. ఆ మర్నాడూ తెచ్చింది. బిస్కెట్లతో మొదలైన ఆకలి తిండి మీదికి మళ్ళింది. అతని బుగ్గలు పూడాయి. గోడ పట్టుకోకుండా వరండా చివరిదాకా నడిచాడు.

"మీ చేతి చలవే అమ్మా," అంది నర్సు. "సొంత అక్కలు కూడా ఇంత చెయ్యరు. ఇక ఎక్కడికైనా నడిచి వెళ్ళొచ్చని డాక్టరుగారు రాసిచ్చేశారు."

"నాక్కావలసింది అదే," అంది ఆమె, ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకుంటూ.

అన్నను చంపిన కేసులో, జబ్బు పేరు చెప్పి ఇన్నాళ్ళూ తప్పించుకున్న బోనులోకి, వదిన ముందు వరసలో కూర్చుని చూస్తుండగా, మరిది తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళాడు.