పక్క సీటు బ్రేకు

“కాలు తియ్ నాన్నా! తియ్యమంటున్నానా!”

“ముందు రోడ్డు చూడవే! నా కాలితో నీకేం పని?”

కూతురికి అరికాలి మంట నెత్తికెక్కింది. అది తండ్రి నడిపే డ్రైవింగ్ స్కూలు కారు. నేర్చుకునేవాళ్లు తడబడితే మాస్టారు తొక్కడానికి పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు, అసలు బ్రేకుకి తీగతో కలిపి ఉంటుంది. కానీ ఆమె నేర్చుకునే మనిషి కాదు. లైసెన్సు వచ్చి ఏళ్లయింది. రేపు ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరుగా చేరాలి. ఆ ఉద్యోగం కోసం ఎన్ని గడపలు ఎక్కి దిగిందో ఆమెకే తెలుసు. అయినా తండ్రి కాలు ఆ బ్రేకు మీద నుంచి లేవదు. పేటలో అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారంటారు. ఊరికే అంటారా మరి!

పొద్దున్న పందెం పెట్టింది కూడా ఆయనే. “ఊరంతా ఒక చుట్టు తిప్పి తీసుకురా. నేను బ్రేకు తొక్కాల్సిన అవసరం రాకపోతే నువ్వు ఉద్యోగంలో చేరు. వచ్చిందా, అక్కడ బళ్ల వ్యవహారం చూసేవాడు నా శిష్యుడే. ఒక్క ఫోను చాలు, నిన్ను చేర్చుకోడు.”

ఇదెక్కడి న్యాయం? తొక్కేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. ఆమె మాత్రం వాదించకుండా సరేనంది. ఒక పాతగుడ్డ మూటను వెనక సీట్లో పడేసి కారెక్కింది.

“ఆ మూటేంటి?”

“నిన్న కారు బాగుచేయించాగా, మెకానిక్ ఇచ్చిన సామాను. తర్వాత చూద్దువుగాని.”

మార్కెట్ మలుపులో తోపుడుబండి అడ్డొచ్చింది. కారు ఆగింది.

“చూశావా? నేను తొక్కబట్టి ఆగింది!”

“తొక్కింది నేను నాన్నా!”

“నీ మొహం. నా కాలికి తెలీదూ?”

“ముసలమ్మ కోడి కూస్తేనే తెల్లారినట్టుంది నీ వరస!”

వంతెన దిగుతుంటే ఎదురుగా లారీ వచ్చింది. ఆయన రెండు చేతులూ డాష్‌బోర్డుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, బ్రేకును అడుగంటా తొక్కేశాడు. కారు నెమ్మదిగా పక్కకు ఒదిగి, లారీని పోనిచ్చి, మళ్లీ సాగింది.

“ఎంత మెత్తగా ఆపానో చూడు. మెకానిక్ బాగా చేసినట్టున్నాడు, బ్రేకు వెన్నలా దిగుతోంది.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. “ఎదురొచ్చే లారీవాడి బ్రేకు కూడా నువ్వే తొక్కుతావా? రేపు వానొస్తే? టైరు పగిలితే? అన్నిటికీ ఉందా నీ దగ్గర బ్రేకు?”

“లేదు కాబట్టే కదే నా భయం! నువ్వు నడక నేర్చిన రోజు నుంచీ నా కాలు బ్రేకు మీదే ఉంది. తీస్తే ఏమవుతుందో ఏమో!”

ఆమెకు జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు. భయపడేది ఆయన, ఉద్యోగం పోయేది తనకా?

బడి దాటగానే కుక్క ఒకటి రోడ్డుకు అడ్డంగా దూకింది. టైర్లు కీచుమన్నాయి. వెంట్రుకవాసిలో తప్పించుకున్న కుక్క తోక ఊపుకుంటూ పోయింది. ఆయన పాదం ఇంకా బ్రేకును అదిమిపెట్టే ఉంది.

“దాని ఆయుష్షు గట్టిది, పక్కన నేనున్నాను,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఇంటి ముందు కారు ఆగగానే ఫోను తీశాడు.

“ఎన్నిసార్లు తొక్కాల్సి వచ్చిందో నువ్వే చూశావుగా. నేను లేకపోతే ఇవాళ ఏమయ్యేది? ఏమనుకోకు తల్లీ, వాడికి చెప్పేస్తాను.”

“చెప్పు. ముందు ఆ మూట విప్పు.”

గొణుక్కుంటూ వెనక్కి వంగి మూట అందుకున్నాడు. ముడి విప్పగానే చుట్ట చుట్టిన నల్లటి తీగ ఒకటి ఒళ్లోకి జారింది. దాన్ని ఆయనకు ఎవరూ పరిచయం చేయక్కర్లేదు.

“ఇది బ్రేకు తీగ కదూ! ఏ కారుదే?”

“నీ కాలి కింద బ్రేకుదే నాన్నా, నిన్ననే తీయించేశాను.”