ఆకాశమంత కృతజ్ఞత

ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్ ముందు మూడు కార్లు వరసగా ఆగాయి. మొదటి కారులోంచి విమానాల కంపెనీ మేనేజరు దిగాడు. రెండో కారులోంచి పూలబొకేలు, మూడో కారులోంచి కెమెరాలు దిగాయి.

డాక్టర్ వనజకు సన్మానం. ఆకాశంలో ఒక ప్రాణం నిలబెట్టినందుకు.

"కంపెనీ అంటే గిట్లుండాలె!" అన్నాడు ఆమె భర్త నరేందర్. కామారెడ్డిలో ఎరువుల దుకాణం మూసి మరీ వచ్చాడు. ఇంటిల్లిపాదికీ ఏడాదిపాటు ఎక్కడికైనా ఉచిత ప్రయాణమని మేనేజరు ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి ఆయన నోట దేశాల పేర్లు తప్ప మరో మాట రావడం లేదు.

వనజ నవ్వి, ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

ఎల్లారెడ్డిలో దవాఖాన నడిపే ఆమెకు విమానంలో వైద్యం చేయడం ఇది మొదటిసారి కాదు. నిరుడు కూడా ఇదే కంపెనీ విమానం. దుబాయ్ నుంచి వస్తుంటే జుక్కల్ మేస్త్రీ ఒకాయన ఊపిరాడక పడిపోయాడు. సీట్ల మధ్య సందులో దారి పొడవునా మోకాళ్ల మీద కూర్చుని అతణ్ణి బతికించింది. దిగేటప్పుడు ఎయిర్‌హోస్టెస్ చిరునవ్వు నవ్వి, చేతిలో ఒక చిన్న చాక్లెట్ పెట్టింది. మర్నాడు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, 'మా సేవలు మీకు నచ్చాయా?' అని. ఆ తర్వాత ఒంటిమీద చొక్కా లేకుండా పడి ఉన్న మేస్త్రీ ఫోటో, పక్కన జుట్టు రేగిన వనజ ఫోటో కంపెనీ ప్రచారంలో కనిపించాయి. పెట్టేముందు ఇద్దరిలో ఎవరినీ అడగలేదు.

ఆ సన్మానం అక్కడితో సరి.

ఈసారి వేరు. దుబాయ్‌లో ఉన్న చెల్లెలిని చూసి తిరిగి వస్తోంది. భోజనాల ట్రేలు తీసేస్తుండగా ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఒక్కో వరస దగ్గరా వంగి, గుసగుసగా అడిగింది, డాక్టర్లు ఎవరైనా ఉన్నారా అని. వనజ లేచింది.

ముందువైపు తెర వెనక నేలమీద పడుకోబెట్టారు ఆయన్ని. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెయ్యి గుండెల మీంచి తీయడం లేదు. వనజ టై వదులు చేసింది. మాత్ర నమిలించింది. కళ్లు మూతలు పడుతుంటే చెంపలు తట్టింది.

"సార్, కండ్లు తెరువుండ్రి. నాతోటి మాట్లాడుండ్రి. పిల్లలెంతమంది మీకు?"

మైకులో కుర్రగొంతు ఒకటి వినిపించింది. "ప్రయాణికులలో ఒకరికి కొంచెం నలతగా ఉంది. ఆందోళన చెందకండి."

ఎవరూ ఆందోళన చెందలేదు. వెనక ఎవరో టీ అడిగారు కూడా.

హైదరాబాద్‌లో చక్రాలు నేలకు తగిలినప్పుడు వనజ తనకు పేరు తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టుకుంది. అంత భయం ఆమెకు ఇన్నేళ్లలో ఏ పేషెంటు పక్కనా కలగలేదు.

అందుకే కాబోలు, కృతజ్ఞత కూడా ఈసారి కార్లు కట్టుకుని వచ్చింది.

వేదిక ఎక్కేముందు మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు.

"మేడం, మీరూ రెండు ముక్కలు మాట్లాడాలి. 'ఒక ప్రయాణికుడు' అంటే చాలు, వివరాలు వద్దు. పేషెంటు గోప్యత కదా, మీకు నేను చెప్పాలా!"

"చెప్పుండ్రి సార్, తప్పేమున్నది. నిరుడు మాత్రం మీకు ఎవ్వరు చెప్పినట్టు లేరు."

మేనేజరు అది జోకు అన్నట్టు పెద్దగా నవ్వాడు.

వేదిక మీద శాలువా కప్పారు. అద్దాల పెట్టెలో బొమ్మ విమానం చేతికిచ్చారు. వైద్యులంటే తమ కంపెనీకి మొదటినుంచీ ఎంత భక్తో మేనేజరు చాలాసేపు చెప్పాడు. నిరుటి చాక్లెట్ ఊసు ఎక్కడా రాలేదు.

"ఇంకో శుభవార్త," అన్నాడు చివరికి. "ఆయన పూర్తిగా కోలుకున్నారు. ఈ సోమవారం నుంచే మళ్లీ డ్యూటీలో చేరుతున్నారు!"

చప్పట్లు మోగాయి. వనజ ముఖంలో నవ్వు ఆగిపోయింది. గుండె పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా ఆయన్ని పనికి పంపొద్దని ఎయిర్‌పోర్టులోనే ఆమె ఈ మేనేజరుకు ఒకటికి పదిసార్లు చెప్పింది.

"సోమవారమా?" అంది మేనేజరు వైపు వంగి. "నేనేం చెప్పిన మీకు?"

"అవన్నీ మేం చూసుకుంటాం మేడం," అన్నాడు ఆయన, కెమెరాల వైపు నవ్వుతూనే. "మీరు ఏ దేశం వెళ్లాలో చూసుకోండి."

ముందు వరసలోంచి ఈరవ్వ లేచింది. ఎప్పటినుంచో వనజ దగ్గరే షుగరుకు మందులు తీసుకునే ముసలమ్మ. పక్కన మనవడు శ్రావణ్. కొలువుకు దుబాయ్ పోతున్నాడు, సోమవారమే, ఈ కంపెనీ విమానంలోనే.

"డాక్టరమ్మా, నీ చెయ్యి సల్లగుండ," అంది ఈరవ్వ. "సచ్చి బతికినోడు అప్పుడే పనికి పోతుండా, పాపం? ఇంతకు ఏం పని చేస్తడు బిడ్డా ఆయన?"

మేనేజరు చప్పున మైకు అందుకోబోయాడు. "వివరాలు వద్దమ్మా, ఒక ప్రయాణికుడు, అంతే..."

"సింగపూర్, వనజా, సింగపూర్," అని కింద నుంచి నరేందర్ గొణిగాడు.

వనజ శ్రావణ్ వైపు చూసింది. కొత్త ప్యాంటు, కొత్త బూట్లు, ముఖం నిండా విమానం ఎక్కబోయే సంబరం. శాలువా తీసి కుర్చీ మీద వేసి, మైకు తన వైపు తిప్పుకుంది.

"ఆ దినం మేమందరం ఎక్కిన విమానాన్ని నడుపుతున్నది ఆయనే, ఈరవ్వా."