ఫోటో బరువు

పొద్దున్నపూట ఆ ఇంట్లో ఎవరూ నెట్ వాడకూడదని దర్జీపని చేసే ఇల్లాలి ఆర్డర్. ఇంట్లో ఉన్నదే ఇద్దరు. అంటే ఆ ఆర్డర్ మొత్తం ఆమె భర్తకే.

"అసలే నత్తనడక లైను. దాన్ని మీరూ లాగితే ఇక సైటు చూసేవాళ్ళకి ఏం మిగులుతుంది?" అంది ఆమె.

"నా ఫోన్‌కి వేరే నెట్ ఉందిలే. నీ లైను నువ్వే ఉంచుకో" అన్నాడు ఆయన. బస్సు డ్రైవరు. డ్యూటీకి వెళ్ళేముందు బూట్లూ బ్రష్షూ పట్టుకుని పెరటి మెట్ల మీదకి పోవడం రోజూ ఉండేదే.

ఆమె కుట్టు మిషన్ పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చుంది. సైటు నడిచేది అందులోంచే. కొడుకు తను గీసిన బొమ్మలు పెట్టుకోవడానికి పాత సామాన్లతో బిగించుకున్న కంప్యూటర్ అది. ఇప్పుడు అందులో బొమ్మలు లేవు. ఒకే ఒక్క పేజీ, పేజీ నిండా కొడుకు ఫోటో. ఫోటో అడుగున, దాని మీదే రాసిన అక్షరాలు: "ఇంటికి రా నాన్నా. ఎవరూ ఏమీ అనరు." పక్కనే ఫోన్ నంబరు.

సైటుని వేరేచోట పెట్టుకుంటే హాయిగా నడుస్తుందని ఎంతమంది చెప్పినా ఆమె వినలేదు. వాడు బిగించిన స్క్రూ ఒక్కటీ కదలకూడదు. ఎప్పుడైనా వాడికి ఇల్లు గుర్తొచ్చి ఆ చిరునామా కొడితే, వాడి కంప్యూటరే పలకాలి.

కాలేజీ మానేసి బొమ్మలు గీసుకుంటానన్నాడు వాడు. తండ్రి కేకలేశాడు. "నా కంటికి కనబడకు" అన్నాడు. కోపంలో ఏ తండ్రైనా అనే మాటే. వీడు మాత్రం నిజంగానే కనబడకుండా పోయాడు.

అంతకుముందు వాళ్ళిద్దరిదీ ఒకటే మాట. కొడుకు తండ్రిని "నాన్నా" అని పిలిచేవాడు. తండ్రి కొడుకుని ముద్దుగా "నాన్నా" అని పిలిచేవాడు. గొంతులు కూడా ఒక్కలాగే ఉండేవి. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో వంటింట్లో ఉన్న ఆమెకి ఒక పట్టాన తెలిసేది కాదు. "ముందు మీలో నాన్నెవరో తేల్చుకోండి" అని విసుక్కునేది.

వాడు ఇల్లొదిలి వెళ్ళాక తండ్రి కంట ఒక్క చుక్క రాలలేదు. గోడల మీదున్న వాడి ఫోటోలన్నీ తీసి అటకెక్కించాడు. ఆమె అది మర్చిపోలేదు. అప్పట్నుంచీ ఆయనతో అవసరానికి మించి మాట్లాడదు.

సైటుకి అప్పుడొకరు ఇప్పుడొకరు వచ్చి పోతుంటారు. ఒక్కరు మాత్రం రోజూ వస్తారు, ఇంచుమించు ఈ వేళకే. వచ్చినప్పుడు, ఫోటో వాళ్ళకి ఎంతవరకు చేరిందో చూపించే ఆకుపచ్చ గీత తెర మీద మెల్లగా పాకుతుంది. సగానికి వచ్చాక ఆగిపోతుంది. రోజూ ఒకే చోట.

ఆ సంగతి కిందటి రోజు నెట్ లైను బాగుచెయ్యడానికి వచ్చినాయనకి చూపించింది.

"ఫోటో పైనుంచి కిందకి కొంచెం కొంచెంగా వెళ్తుందమ్మా. జుట్టు, నుదురు, కళ్ళు. ముక్కు దగ్గరికొచ్చేసరికి మూసేస్తున్నారు" అన్నాడతను.

"అంటే కింద రాసింది చూడనే లేదా?"

"లేదమ్మా. మీ లైనేమో సన్నం, ఫోటోయేమో మహా బరువు. విసుగొస్తుంది కదా. ఫోటో తగ్గించండి."

"నా కొడుకుని తగ్గించడమా?"

"బాబుని కాదమ్మా, ఫోటో బరువుని. బట్ట మడతపెడితే కురచైపోతుందా?"

దర్జీకి ఆ ముక్క ఇట్టే అర్థమైంది. గుమ్మంలో నిలబడి వింటున్న భర్తకే రుచించలేదు.

"ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచరాదూ. మెల్లగా వస్తే వచ్చిన నష్టమేంటి?"

"రోజూ వచ్చే ఆ మనిషి చివరిదాకా చూడాలి. వాడి సంగతి తెలిసినవాళ్ళేమో. ఏమో, వాడేనేమో."

"ఎవరో పనిలేనివాడై ఉంటాడు."

"మీకేం, గుండె రాయి చేసుకుని కూర్చున్నారు" అంది ఆమె.

లైనాయన ఫోటో బరువు తగ్గించి, ఎక్కించి వెళ్ళాడు. ఆ రాత్రి ఆమెకి కంటిమీద కునుకు లేదు.

ఇప్పుడు ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని తెర వంకే చూస్తోంది. పెరట్లో బూటు మీద బ్రష్ చప్పుడు కాసేపు వినబడి ఆగింది.

గీత కదిలింది.

పాకలేదు. ఒక్క ఉదుటున ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. జుట్టు, కళ్ళు, ముక్కు, నవ్వుతున్న నోరు, అడుగున ఆమె రాసిన మాట, అన్నీ ఒక్కసారే వెళ్ళిపోయాయి. మధ్యలో మూసేసే వ్యవధి కూడా లేదు.

ఆమె చూపు ఫోన్ మీదికి దిగింది. ఒళ్ళో ఫోన్ మోగలేదు.

పెరట్లోంచి పిలుపు వినబడింది.

"నాన్నా..."

ఆ గొంతే. ఆ పిలుపే. ఇల్లు వెతుక్కుంటూ పెరటి దారిన వచ్చేశాడు, తండ్రిని పిలుస్తున్నాడు. ఆమె కుర్చీ తన్నేసుకుంటూ పరుగెత్తి తలుపు తీసింది.

మెట్ల మీద, ఒక కాలికే బూటు తొడుక్కుని, ఫోన్‌లో అక్షరాలతో సహా తెరుచుకున్న ఫోటోని కళ్ళకద్దుకుంటూ, ఆమె భర్త ఒక్కడే వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.